ఒక్క అంకెను నమ్మి కోటా వేస్తే ఏమవుతుంది: ఆల్బకోర్ లెక్కల డైరీ

సముద్రంలో ఎంత చేప ఉందో దిగి లెక్కపెట్టలేం. పట్టుబడి చూసి, వేటకు పడిన కష్టం చూసి అంచనా కట్టాలి. ఆ అంచనా ఎంతవరకు తప్పై ఉండొచ్చో కూడా చూసుకుని కోటా (ఏటా ఇంతకు మించి పట్టకూడదన్న హద్దు) ఎలా వేయాలో తెలుసుకోవడానికి, ఆల్బకోర్ అనే ట్యూనా చేప మీద ఐదు వారాలుగా చేస్తున్న పని ఇది. ఇంకెవరైనా చేయాలనుకుంటే నేను పారేసిన ఐదు ఫలితాలు మళ్ళీ మీరు పారేయకుండా ఉండాలని రాసి పెడుతున్నాను.

వాడినవి: పాత లాప్‌టాప్, లిబ్రె ఆఫీస్ కాల్క్, అందులోని సాల్వర్ (సరిపోయే అంకెలను వెతికి పెట్టే సాధనం), తర్వాత పైథాన్, దాంట్లో లెక్కలకు వాడే నంపై. ఒక రూళ్ల నోట్‌బుక్ కూడా పెట్టుకోండి, చాలాసార్లు తప్పు దొరికింది అందులోనే.

దశ 0: ముడిసరుకు

దక్షిణ అట్లాంటిక్ ఆల్బకోర్ ట్యూనా, 1967 నుంచి 1989 దాకా 23 ఏళ్ళ డేటా. ఈ చేపను చూసుకునేది అట్లాంటిక్ ట్యూనా దేశాల కమిషన్, ఇక్కాట్ అంటారు, ఆఫీసు మాడ్రిడ్‌లో ఉంది. చేపల లెక్కలు నేర్చుకునేవాళ్ళు తరతరాలుగా చేయి తిప్పుకునే డేటా ఇది, అందుకే తీసుకున్నాను. నాకొచ్చిన జవాబు సరైనదో కాదో పోల్చి చూసుకోవచ్చు. కానీ ఇది పాత డేటా, ఇవాళ్టి ఆల్బకోర్ పరిస్థితి గురించి ఇది ఏమీ చెప్పదు.

పట్టుబడి, వేల టన్నుల్లో, 1967 నుంచి వరుసగా:
15.9, 25.7, 28.5, 23.7, 25.0, 33.3, 28.2, 19.7, 17.5, 19.3, 21.6, 23.1, 22.5, 22.5, 23.6, 29.1, 14.4, 13.2, 28.4, 34.6, 37.5, 25.9, 25.3

వంద గాలాలకు పడిన కిలోలు, అదే వరుసలో (ఇకపై దీన్ని సూచీ అంటాను):
61.89, 78.98, 55.59, 44.61, 56.89, 38.27, 33.84, 36.13, 41.95, 36.63, 36.33, 38.82, 34.32, 37.64, 34.01, 32.16, 26.88, 36.61, 30.07, 30.75, 23.36, 22.36, 21.91

టైపు చేశాక పట్టుబడి మొత్తం కూడండి, 558.5 రావాలి. నాకు మొదటిసారి రాలేదు, ఒక 22.5 ఎగిరిపోయింది. వరుసగా రెండు ఒకే అంకెలు ఉన్నచోట కన్ను జారుతుంది.

దశ 1: ఒక్క జవాబు

మోడల్ 1954లో మిల్నర్ షేఫర్ ఇచ్చినదే. ఇంతకన్నా చిన్నది లేదు.

1. వచ్చే ఏటి నిల్వ = ఈ ఏటి నిల్వ + పెరుగుదల − పట్టుబడి.
2. పెరుగుదల = ఆర్ × నిల్వ × (1 − నిల్వ ÷ కె).
3. సూచీ = క్యూ × నిల్వ.

కె అంటే వేటే లేకపోతే సముద్రం మోయగల నిల్వ. ఆర్ అంటే ఆ చేప ఎంత వేగంగా పుంజుకుంటుందో చెప్పే రేటు. క్యూ అంటే నిల్వకూ గాలానికి పడే చేపకూ మధ్య ఉన్న నిష్పత్తి. 1967లో నిల్వ సరిగ్గా కె దగ్గర ఉందని అనుకున్నాను. ఇది కూడా ఒక ఊహే, చివర్లో దీని దగ్గరికి వస్తాను.

మొదటి తప్పు: అసలు సూచీకి, మోడల్ చెప్పిన సూచీకి తేడాను నేరుగా వర్గం చేసి కలిపి, ఆ మొత్తం అతి తక్కువ వచ్చే అంకెలు వెతికించాను. 1968లో ఉన్న 78.98 ఒక్కటే మొత్తం లెక్కను తనవైపు లాగేసింది. పెద్ద అంకెల్లో పొరపాటు కూడా పెద్దదిగానే ఉంటుంది, అందుకని తేడాను శాతాల్లో చూడాలి, అంటే రెండింటికీ లాగరిథమ్ తీసి తీసివేయాలి. మార్చాక కూడా 1968 మోడల్ కన్నా 32% ఎక్కువే ఉంది, కానీ ఇప్పుడు అది 23 మందిలో ఒకడు మాత్రమే.

రెండో తప్పు: సాల్వర్‌కు మొదటి ఊహగా ఆర్ 0.1, కె 240 ఇచ్చాను. షీటంతా ఎర్రర్లు. గంటన్నర ఫార్ములాల్లో తప్పు వెతికాను. తప్పు ఫార్ములాలో లేదు. నోట్‌బుక్‌లో ఒక్క లైను లెక్క వేస్తే తెలిసిపోయింది: ఈ జతకు ఏటా పెరుగుదల ఎంత గొప్పగా ఉన్నా ఆర్ × కె ÷ 4, అంటే 6 వేల టన్నులు మించదు. 23 ఏళ్ళకు 138. మొదటి 240 కలిపితే 378. మరి పట్టింది 558.5. లేని చేపను పట్టమంటే నిల్వ సున్నా కిందికి పోయింది, సున్నా కింద లాగరిథమ్ లేదు. నిల్వ సున్నా తాకిన ప్రతి జతకూ పెద్ద జరిమానా వేసి పక్కకు తోసేలా మార్చాను. ఆ తర్వాత ఎక్కడ మొదలుపెట్టినా ఒకే చోటికి చేరింది:

ఆర్ 0.328, కె 239.6, క్యూ 0.2671. ఏటా తీయగల గరిష్ఠ దిగుబడి 19.65 వేల టన్నులు. మోడల్‌కూ సూచీకీ మధ్య సగటు తేడా 11.1%. 1990 మొదట్లో మిగిలిన నిల్వ 67.2 వేల టన్నులు, అంటే కె లో 28%.

ఈ డేటాకు అందరికీ వచ్చే జవాబు ఇదే. మీకు వీటికి దూరంగా వస్తే ముందుకు పోకండి, వెనక్కి వెళ్ళి వెతకండి.

ఇప్పటిదాకా: 7 గంటలు. పారేసిన ఫలితాలు 2.

దశ 2: ఇంకొక జవాబు, అదీ బాగానే ఉంది

ఇక్కడే అసలు పని మొదలైంది. సాల్వర్ ఒక్క జత ఇచ్చి ఊరుకుంటుంది. చుట్టుపక్కల ఇంకెన్ని జతలు దాదాపు అంతే బాగా సరిపోతాయో చెప్పదు.

1. ఆర్ ను 0.05 నుంచి 0.80 దాకా 0.005 చొప్పున, కె ను 100 నుంచి 600 దాకా 2 చొప్పున తీసుకోండి. మొత్తం 37,901 జతలు.
2. ప్రతి జతకూ తేడాల వర్గాల మొత్తం రాయండి. అత్యల్పం 0.281 దగ్గర వస్తుంది.
3. 0.332 లోపు ఉన్నవన్నీ ఉంచండి. (ఆర్, కె లలో ఒక్కోదాన్ని విడిగా చూస్తే ఇది 95% హద్దు: 0.281 ని, 3.84 ÷ 23 కి ఎక్స్‌పొనెన్షియల్ తీసి వచ్చిన 1.18 తో గుణిస్తే వస్తుంది.)
4. మిగిలినవాటిని గ్రాఫు మీద చుక్కలుగా పెట్టండి.

చుక్కలు గుండ్రటి మచ్చలా రావు. అరటికాయలా వంగిన సన్నటి పట్టీ వస్తుంది: ఆర్ తగ్గే కొద్దీ కె పెరుగుతుంది. ఆ పట్టీ మీద ఒక జతను పట్టుకుని చేత్తో 23 ఏళ్ళూ నడిపాను, ఎందుకంటే కంప్యూటర్ చెప్పినదాన్ని నమ్మబుద్ధి కాలేదు. ఆర్ 0.2, కె 350. వర్గాల మొత్తం 0.322, హద్దు లోపలే ఉంది. సగటు తేడా 11.8%. మొదటి జతకు 11.1% కదా, గ్రాఫు మీద రెండు గీతలూ పక్కపక్కన వేస్తే ఏది ఏదో రంగు చూస్తే తప్ప తెలియదు.

1990 మొదట్లో మిగిలిన నిల్వ మాత్రం మొదటి జత ప్రకారం 67 వేల టన్నులు, రెండో జత ప్రకారం 121 వేల టన్నులు. దాదాపు రెట్టింపు. ఒకే డేటా, ఒకే మోడల్. ఆ రాత్రి నాకు నిజంగా టెన్షన్ వచ్చింది, ఎందుకంటే ఎక్కడైనా "నిల్వ ఇన్ని టన్నులు" అని ఒకే అంకె చదివినప్పుడల్లా దాని వెనక ఇంత వెడల్పు ఉంటుందని ఎప్పుడూ అనుకోలేదు.

మూడో తప్పు ఆ కంగారులోనే చేశాను. ఆర్ కు ఒక పరిధి, నిల్వకు ఒక పరిధి విడివిడిగా తీసుకుని, రెండింట్లోంచి యాదృచ్ఛికంగా అంకెలు లాగి, కోటా లెక్కగట్టాను. నేను వాడిన కోటా లెక్క: ఆర్ లో సగం × నిల్వ. ఒక చివర 0.1 × 67 అంటే 6.7 వేల టన్నులు, ఇంకో చివర 0.164 × 121 అంటే 19.8. మూడు రెట్ల తేడా! ఏ కోటా అయినా వేసుకోవచ్చన్నట్టు తయారైంది, అలాంటి లెక్క ఉన్నా ఒకటే లేకున్నా ఒకటే.

అంకెలను జతగా వదిలేస్తే:

- మొదటి జత: 0.164 × 67.2 = 11.0 వేల టన్నులు
- రెండో జత: 0.1 × 120.6 = 12.1 వేల టన్నులు

తేడా ఒక వేయి టన్నులు. నెమ్మదిగా పెరిగే చేప అయితే ఎక్కువ మిగిలి ఉండాలి, వేగంగా పెరిగేదైతే తక్కువ మిగిలి ఉండాలి, రెండూ కలిసే కదులుతాయి, ఒకదాని పొరపాటును ఇంకొకటి తినేస్తుంది. కాబట్టి ఆర్ ఎక్కడ తీస్తే నిల్వ కూడా అక్కడే తీయండి. జతను విడదీయకండి. ఈ డైరీలో ఒక్కటే గుర్తుపెట్టుకోవాలంటే నన్నడిగితే ఇదే.

ఇప్పటిదాకా: 18 గంటలు. పారేసిన ఫలితాలు 3.

దశ 3: హార్బర్‌లో మావయ్య చెప్పింది

ఇదంతా జరుగుతున్నప్పుడు వేట నిషేధం నడుస్తోంది. మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్లు కదలవు. మావయ్య మరబోటు నడుపుతారు. వైజాగ్ ఫిషింగ్ హార్బర్‌లో నీడపట్టున కూర్చుని వల బాగుచేస్తుంటే వెళ్ళి పక్కన కూర్చున్నాను. ఒక చేతి బొటనవేలికి వల కన్ను తగిలించుకుని, రెండో చేత్తో నూలు కండె లోపలికీ బయటికీ తిప్పుతూ ముడి మీద ముడి వేస్తున్నారు, నాతో మాట్లాడుతున్నంతసేపూ ఆ చేతివైపు ఒక్కసారి కూడా చూడలేదు.

ఫోన్‌లో గ్రాఫు చూపించాను.

"మావయ్యా, వంద గాలాలకు ఇన్ని కిలోలు పడ్డాయంటే సముద్రంలో ఇంత చేప ఉన్నట్టు అని లెక్క."

"ఏటిరా బాబూ, అప్పటి గాలమూ ఇప్పటి గాలమూ ఒకటేనేటి?" అన్నారు.

నాకు వెంటనే అర్థం కాలేదు. ఆయనే చెప్పారు. "మా నాన్న కాలంలో నీటి రంగు చూసి, పిట్టల్ని చూసి వల వేసేవారు. నాకు మొదట వైర్‌లెస్ వచ్చింది, తర్వాత జీపీఎస్, ఇప్పుడు ఫిష్ ఫైండర్. కానాగంతల గుంపు ఎక్కడుందో తెరమీద కనబడిపోద్ది. అయినా ట్రిప్పుకు వచ్చే సరుకు అంతే. మరి చేప అంతే ఉన్నట్టా?"

లేదు. చేప తగ్గుతున్నా మనం పట్టడంలో ఆరితేరుతున్నాం కాబట్టి పట్టుబడి నిలకడగా కనిపిస్తుంది. నా మోడల్‌లో క్యూ 23 ఏళ్ళూ కదలకుండా కూర్చుంది. అది ఎక్కడా పరీక్షించని ఊహ.

ఇంటికొచ్చి, పట్టే నేర్పు ఏటా 2% పెరిగింది అనుకుని చూశాను. 22 ఏళ్ళలో అది 1.546 రెట్లు. అంటే 1989లో 21.91 గా కనిపించిన సూచీ 1967 నాటి పనిముట్లతో అయితే 14.2 మాత్రమే ఉండేది. సూచీ 1967 స్థాయిలో 35% దగ్గర ఆగిందనుకున్నది నిజానికి 23% కి పడిపోయి ఉండొచ్చు. ఈ 2% నేను పరీక్ష కోసం పెట్టిన అంకె, ఆల్బకోర్‌కు ఎవరో కొలిచి చెప్పింది కాదు.

ఇదే పొరపాటు ఊళ్ళకు ఊళ్ళను ముంచిన చోటు కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్. అక్కడ కాడ్ చేప తగ్గే కొద్దీ మిగిలిన చోట గుంపుగా చేరింది, పెద్ద ట్రాలర్లు నేరుగా ఆ గుంపుల మీదికి వెళ్ళి వల వేశాయి, గంటకు పడే చేప బాగానే ఉందని లెక్కల్లో వచ్చింది. ఒడ్డు దగ్గర వేటాడే చిన్న పడవలవాళ్ళు చేప రావడం లేదని మొత్తుకున్నారు. 1992 జులై 2న మొత్తం వేట ఆపేశారు, సుమారు 30 వేల మంది ఉపాధి ఒక్కసారిగా పోయింది. రెండేళ్ళు అనుకున్న ఆ నిషేధం ఎత్తేసింది 2024లో. లెక్కలో అనిశ్చితి అన్నమాట పుస్తకాల్లో చదివితే పొడిగా ఉంటుంది, అది ఎవరి పొయ్యి మీదికి వస్తుందో తెలియాలంటే ఆ ఊళ్ళను తలుచుకోవాలి.

ఈ ఊహతో మూడో జత కట్టాను: ఆర్ 0.2, కె 320, నేర్పు ఏటా 2% పెరుగుదల. 1990 నిల్వ 62.3. సగటు తేడా 14%. నిజాయితీగా చెప్పాలంటే డేటా దీన్ని మొదటి రెండింటికన్నా బాగా తక్కువగా సమర్థిస్తుంది, దశ 2 హద్దు పెడితే బయటికి పోతుంది. అయినా తీసేయలేదు. ఈ పని వృత్తిగా చేసేవాళ్ళు ఊహలను రెండు బుట్టల్లో పెడతారు: నిజమయ్యే అవకాశం బాగా ఉన్నవి ఒకదాంట్లో, అవకాశం తక్కువైనా నిజమైతే కొంప ముంచేవి రెండోదాంట్లో. ఇది రెండో బుట్టలోకి వెళ్ళింది.

ఇప్పటిదాకా: 23 గంటలు. పారేసిన ఫలితాలు 3. పరీక్షకు సిద్ధమైన లోకాలు (అంటే నిజం కావచ్చనుకున్న జతలు) 3.

దశ 4: మూడు లోకాల్లో రెండు నియమాలు

ఏ లోకం నిజమో తేల్చే ప్రయత్నం మానేశాను. దాని బదులు, ఏ లోకం నిజమైనా పెద్ద నష్టం చేయని కోటా నియమం ఏదో వెతకాలి. తిమింగలాల కమిషన్, దక్షిణాఫ్రికా సార్డిన్, ఆంకోవీ వేట, దక్షిణ బ్లూఫిన్ ట్యూనా అన్నీ ఈ దారే పట్టాయి: ముందు కంప్యూటర్లో రకరకాల సముద్రాలు తయారుచేసి, నియమాన్ని వాటన్నిటిలో నడిపి చూసి, తట్టుకున్నదాన్నే అసలు సముద్రంలో వాడడం.

పద్ధతి:

1. ఒక లోకాన్ని నిజం అనుకోండి. 1990 నుంచి మొదలుపెట్టండి.
2. ఆ లోకంలో సూచీ ఎంత వస్తుందో లెక్కించండి.
3. నియమానికి సూచీ మాత్రమే చూపించండి. నిల్వ చూపించకండి.
4. నియమం చెప్పిన కోటా పట్టండి, ఏడాది ముందుకు జరగండి. పదేళ్ళు.

మొదటి నియమం: ఏటా 19.65 పట్టుకో. గరిష్ఠ దిగుబడి అదే కదా.

నాలుగో తప్పు ఇక్కడ. ఎర్రర్లు రాకూడదని నిల్వ 0.01 కన్నా కిందికి పోకుండా షీటులో అడ్డు పెట్టాను. పదేళ్ళు నడిపితే మొత్తం పట్టుబడి 196.5 వచ్చింది, చాలా బాగుందే అనుకున్నాను. నిల్వ వరుస చూస్తే చివర 0.01, 0.01 అని ఉంది. లేని చేపను పట్టినట్టు రాసుకుంటూ పోయింది షీటు. పట్టుబడి అంటే కోటా, ఉన్న చేప, ఈ రెండింట్లో ఏది తక్కువైతే అది అని మార్చాను. నిల్వ అడుగంటితే ఆ ఏడాదిని ఎర్రగా చూపించమన్నాను. ఎర్రర్‌ను నోరు మూయించే ఏ అడ్డు పెట్టినా ముందు అది ఏ చెడు వార్తను దాస్తోందో చూసుకోండి.

సరిచేశాక ఫలితం:

- లోకం 1 (ఆర్ 0.328, కె 239.6): నిల్వ 67, 63, 59, 54, 48, 41, 32, 22, 9. 1999 వచ్చేసరికి ఏమీ లేదు.
- లోకం 2 (ఆర్ 0.2, కె 350): 121 నుంచి 2000 నాటికి 65. ఇంకా పడుతూనే ఉంది.
- లోకం 3 (నేర్పు పెరిగే లోకం): 1995 నాటికే ఖాళీ.

లోకం 1 ని మళ్ళీ చూడండి. అక్కడ నా అంచనాల్లో అణుమాత్రం తప్పు లేదు. ఆర్ సరైనదే, కె సరైనదే, 19.65 సరైనదే. అయినా తొమ్మిదేళ్ళలో చేప అయిపోయింది. ఎందుకంటే 19.65 పెరుగుదల నిల్వ కె లో సగం దగ్గర ఉన్నప్పుడే వస్తుంది. 1990లో నిల్వ 28% దగ్గర ఉంది, అక్కడ పెరిగేది 15.9 మాత్రమే. ప్రతి ఏడూ కాస్త అసలు తినేస్తున్నాం, అసలు తగ్గే కొద్దీ వడ్డీ తగ్గుతోంది. గరిష్ఠ దిగుబడిని స్థిర కోటాగా రాసేయడం ఎంత ప్రమాదమో ఈ ఒక్క వరుస చూపిస్తుంది.

రెండో నియమం: సూచీని 0.2671 తో భాగించి నిల్వ అంచనా కట్టు, అందులో 16.4% (మొదటి జత ఆర్ లో సగం) పట్టు. అంటే సూచీతోపాటు కోటా లేస్తుంది, పడుతుంది.

- లోకం 1: నిల్వ 67 నుంచి 105. కోటా 11.0 నుంచి 16.8 కి పెరిగింది. పదేళ్ళ పట్టుబడి 141.7.
- లోకం 2: నిల్వ 121 నుంచి 146. పదేళ్ళ పట్టుబడి 139.3.
- లోకం 3: నిల్వ 62 నుంచి 53. పదేళ్ళ పట్టుబడి 106.0.

లోకం 2 లో నియమానికి ఉన్నది తప్పు క్యూ, తప్పు ఆర్. అయినా సరిగ్గానే పనిచేసింది. అక్కడ క్యూ 0.1701, దాన్ని 0.2671 అనుకుంటే నిల్వను 64% గానే అంచనా వేస్తుంది, దానిలో 16.4% అంటే నిజమైన నిల్వలో 10.4%. పట్టాల్సింది 10%. దశ 2 లో చూసిన జత బంధమే ఇక్కడ కాపాడింది.

లోకం 3 దగ్గర మాత్రం చాలాసేపు ఆగిపోయాను. పదేళ్ళలో నిల్వ 15% పడిపోయింది. అదే పదేళ్ళలో సూచీ 16.5 నుంచి 17.2 కి పెరిగింది. 4% పెరుగుదల! నియమం సూచీని చూసి అంతా బాగుందనుకుంటుంది, మీటింగులో గ్రాఫు చూపిస్తే కమిటీ కూడా అదే అనుకుంటుంది. మావయ్య అడిగిన ప్రశ్న అంకెల్లో చూస్తే ఇలా ఉంది.

ఇప్పటిదాకా: 32 గంటలు. నడిపిన పరీక్షలు 6. పారేసిన ఫలితాలు 4.

దశ 5: ఎంత తగ్గించాలి, దానికి ఎంత ఖర్చు

తెలియనితనం ఉంది కాబట్టి కోటా తగ్గించాలి, సరే. ఎంత? "కాస్త జాగ్రత్తగా" అంటే కుదరదు, వేలంలో కూర్చున్నవాళ్ళకు అంకె చెప్పాలి.

అమెరికా పశ్చిమ తీరంలో వాడే ఒక పద్ధతి నాకు నచ్చింది. నిల్వ అంచనాలో ఎంత చెదురు ఉందో, అంటే అది ఎంత అటూ ఇటూ కావచ్చో ఒక అంకె పెట్టుకుంటారు, బాగా డేటా ఉన్న చేపలకు మొదట్లో 0.36 పెట్టారు. అతిగా పట్టే ప్రమాదం ఎంతవరకు ఒప్పుకుంటారో ఇంకో అంకె. ఈ రెండింటి నుంచి కోటాను ఎంతతో గుణించాలో వస్తుంది:

- ప్రమాదం 45% ఒప్పుకుంటే 0.96
- 40% అయితే 0.91
- 30% అయితే 0.83
- 25% అయితే 0.78

దీని అందం ఏమిటంటే పని రెండుగా విడిపోతుంది. చెదురు ఎంతో చెప్పేది శాస్త్రవేత్తలు. ఎంత ప్రమాదం ఒప్పుకోవాలో తేల్చేది సమాజం, అందులో జాలర్లూ ఉండాలి.

నేను 0.75 తీసుకున్నాను, పై లెక్కలో దాదాపు 21% ప్రమాదం. ఐదో తప్పు: 0.75 పెట్టడమే కాకుండా, భయంతో నిల్వ అంచనాను కూడా ముందే 0.75 తో గుణించాను, రెండూ వేర్వేరు షీట్లలో ఉండటంతో రెండు రోజులు గమనించలేదు. మొత్తం 0.56 అయింది. జాగ్రత్త ఎక్కువైతే నష్టమేముంది అనిపించొచ్చు, కానీ అలా అక్కడో కోత ఇక్కడో కోత దాచిపెడితే చివరికి ఎంత ప్రమాదాన్ని ఎంచుకున్నామో ఎవరికీ తెలియదు, కోత భరించేవాళ్ళకు కారణం చెప్పలేం. కోత ఒక్కచోటే, అందరికీ కనబడేలా ఉండాలి. ఒకటి తీసేశాను.

మూడో నియమం, రెండోదాన్ని 0.75 తో గుణించినది:

- లోకం 1: నిల్వ 67 నుంచి 131, పదేళ్ళ పట్టుబడి 122.1
- లోకం 2: నిల్వ 121 నుంచి 174, పట్టుబడి 115.2
- లోకం 3: నిల్వ 62 నుంచి 77, పట్టుబడి 95.3

లోకం 3 లోనూ చేప పెరిగింది, అది కావాల్సిందే. ఖర్చు చూడండి: లోకం 1 నిజమైతే పదేళ్ళలో 19.6 వేల టన్నులు వదులుకున్నట్టు, అంటే 14%. లోకం 3 నిజమైతే 10.7 వేల టన్నులు. ఇది చిన్న మొత్తం కాదు, ఎవరో ఒకరి ఇంటి ఆదాయం. కానీ మొదటి నియమంతో పోల్చి చూస్తే, అక్కడ లోకం 1, లోకం 3 లలో పదో ఏటికి పట్టడానికే ఏమీ లేదు. నా మటుకు నేను ఈ 14% కట్టమనే చెబుతాను, అయితే ఆ నష్టం బోటు మీద పనిచేసేవాళ్ళ ఒక్కరి నెత్తినే పడకూడదు. మన దగ్గర వేట నిషేధ కాలానికి భృతి ఇస్తున్నాం కదా, కోతకు కూడా అలాంటి ఆలోచన ఉండాలి.

ఇంకో మార్పు చేశాను. సూచీలో 11% ఊగిసలాట ఉంది కాబట్టి, చేప ఏమాత్రం మారకపోయినా ఒక ఏడాది కోటాకూ తర్వాతి దానికీ మధ్య మామూలుగానే 15-16% తేడా వస్తుంది. ఊరికే ఒక ఏడు కోత, ఒక ఏడు పండగ. మూడేళ్ళ సగటు తీసుకుంటే ఆ తేడా 5% కి దిగుతుంది. నష్టం ఏమిటంటే సగటు ఒక ఏడాది వెనకబడి ఉంటుంది, చేప నిజంగా పడిపోతుంటే ఆలస్యంగా తెలుస్తుంది. 1987, 1988 లాంటి ఏళ్ళకు ఆ ఆలస్యం ఎంత ఖరీదో ఇంకా నడపాలి.

ఇప్పటిదాకా: 40 గంటలు. నడిపిన పరీక్షలు 9. పారేసిన ఫలితాలు 5.

దశ 6: మిగిలిన పని

1967లో నిల్వ కె దగ్గర ఉందన్న ఊహ ఇంకా అలాగే ఉంది. ఆ ఏడాది పట్టుబడే 15.9 వేల టన్నులు, అంటే వేట అంతకుముందే మొదలై ఉంటుంది. 0.8 కె, 0.9 కె తో కూడా దశ 2 మొత్తం మళ్ళీ చేయాలి, మరో 37,901 జతలు రెండుసార్లు. నేర్పు పెరుగుదలను 1%, 3% తో కూడా చూడాలి.

ఈ లోపు మావయ్య బోటుకు ఒక నోట్‌బుక్ ఇచ్చాను. మన తీరంలో కోటాలు లేవు, నిషేధ కాలం, వల కన్ను సైజు లాంటి నియమాలే ఉన్నాయి, అయినా కానాగంతలకు ఇలాంటి లెక్క ఎప్పుడైనా వేయాలంటే ట్రిప్పుకు ఎన్ని కిలోలు అన్నది ఒక్కటే సరిపోదు. నేను గీసిన గళ్ళు నాలుగు: తేదీ, వల నీళ్ళలో ఉన్న గంటలు, ఎన్ని బారల లోతు, ఎన్ని కిలోలు. మావయ్య చూసి, పెన్ను తీసుకుని, పక్కన ఇంకో గడి గీశారు. దాని మీద "ఎంత దూరం పోయాం" అని రాశారు. జూన్ 15 ఉదయం బోటు కదిలినప్పుడు నోట్‌బుక్ ప్లాస్టిక్ కవర్లో చుట్టి వీల్ దగ్గర పెట్టుకున్నారు.

మొదటి ట్రిప్పు ముగిసేసరికి పదకొండు వరుసలు నిండాయి. రెండు వరుసల్లో గంటల గడి ఖాళీ. వాటిని ఊహించి నింపలేదు, ఖాళీగానే ఎక్కించాను.